డ్రైవర్ల కాలనీలో ఖాళీ శాతం

1
మార్చి 3, సోమవారం. చౌరస్తా బోర్డు మీద 5.6

మా ఇంట్లో వాళ్ల దృష్టిలో నేను బద్ధకస్తురాలిని. అమ్మ ఆ మాట అనదు, "దానికి ఏదీ ఆనదు" అంటుంది. మేనత్త రజిత మాత్రం దాచుకోదు. ఇవాళ పొద్దున వచ్చి, బయటి మెట్ల మీద కూర్చున్న నన్ను దాటుకుంటూ లోపలికి పోయి, నాకు వినపడేంత గట్టిగా అమ్మతో అంది.

"వదినా, పిల్లను సదివియ్యకుంటనే మంచిగుండు. సదివిస్తే గిట్ల మెట్లకు అతుక్కపోయింది. మా ఆడిబిడ్డ కొడుకును సూడు. పొద్దుగాల ఎనిమిది గొట్టంగ డబ్బా కట్టుకోని పోతడు."

"ఎక్కడికి పోతడత్తా?" అని బయటి నుంచే అడిగాను.

"ఎక్కడికో పోతడు. పోతడు గద!"

అదీ సంగతి. పోతే చాలు.

నేను మెట్ల మీద ఊరికే కూర్చోవడం లేదు. లెక్క పెడుతున్నాను. స్టాటిస్టిక్స్‌లో ఎమ్మెస్సీ చేసిన మనిషి కళ్లెదుట కొన్నాళ్లుగా చౌరస్తా బోర్డు మీది ఖాళీ శాతం, అంటే ఊళ్లో పనిలేనివాళ్ల లెక్క, అబద్ధమాడుతుంటే చూస్తూ ఊరుకోలేదు. మా వీధిలో ఎవరు ఎన్ని గంటలకు బయల్దేరుతున్నారో, ఎన్ని గంటలకు తిరిగొస్తున్నారో ఈ నోటుబుక్కులో రాస్తున్నాను. అత్తకు అది సోమరితనం. వీధి స్తంభం మీద సర్కారు పెట్టిన కెమెరా కన్ను అదే పని చేస్తే మాత్రం పరిపాలన.

ఇంట్లో వాళ్ల కోపానికి అసలు కారణం వేరే ఉంది. ఎనిమిది నెలల కింద నేను ఆ శాతం లెక్కగట్టే పని సూచిక భవనానికి పోయి, నాకు పని లేదని నమోదు చేయించుకున్నాను. అలా చేయించుకుంటే వీధి మైకులో వరసగా మూడు రోజులు పొద్దున పూట పేరు చదువుతారు. "ఇంటి నంబరు పద్నాలుగు. ప్రణవి, తండ్రి సాంబరాజు. పని లేదు. అభ్యంతరం ఉన్నవారు తెలపగలరు." అభ్యంతరం తెలిపింది మా ఇంటి వాళ్లొక్కళ్లే.

అప్పటి నుంచి నూట ఎనభై ఇళ్ల డ్రైవర్ల కాలనీలో తనకు పని లేదని తానే పోయి రాయించుకున్న మనిషిని నేనొక్కదాన్నే.

2
మార్చి 5, బుధవారం. బోర్డు 5.4

సోమ, బుధ, శుక్రవారాలు అమ్మను వార్డు కేంద్రానికి తీసుకుపోవడం నా వంతు. డయాలసిస్ మూడో నంబరు కుర్చీ అమ్మది. నాలుగు గంటలు. బస్సులో డ్రైవర్ సీటుకు ప్లాస్టిక్ తొడుగు వేసి ఉంటుంది, స్టీరింగ్ దానంతటదే తిరుగుతుంది. అయినా అమ్మ దిగేముందు ఆ ఖాళీ సీటుకు చెబుతుంది, "జర ఆపు బిడ్డా" అని.

దసరా తర్వాత బస్సులన్నీ ఇట్లా మారాయి. బస్సుల కార్పొరేషన్ మూసేశారు. కానీ రిపేర్లు చూసుకోవడానికి పాత డ్రైవర్లలో కొందరిని ఉంచుకున్నారని, అందులో తానొకణ్ణని బాపు చెప్పాడు. ఇంటికొచ్చే బియ్యం, భత్యం పని ఉన్నవాడికీ లేనివాడికీ ఒకటే కాబట్టి ఇంట్లో తేడా ఏమీ తెలియలేదు. ఖాకీ చొక్కా, చేతిలో మూడు గిన్నెల డబ్బా, ఏడున్నరకు బయటికి. ముప్పై ఏళ్లుగా ఎట్లాగో ఇప్పుడూ అట్లాగే.

ఇవాళ కేంద్రం గోడకు కొత్త నోటీసు. మార్చి ముప్పై ఒకటిన బోర్డు మీద అంకె ఐదుకు తక్కువుంటే మా మూడూళ్ల ట్రైసిటీని "నిండు నగరం"గా ప్రకటిస్తారట. నిండు నగరానికి ఇట్లాంటి ఆదుకునే కేంద్రాలు అక్కర్లేదు కాబట్టి కుర్చీలన్నీ ఖాళీ శాతం ఎక్కువున్న వేరే ఊరికి పోతాయట.

నర్సును అడిగాను. "అప్పుడు వీళ్లంతా ఎటు పోవాలె?"

"హైదరాబాద్‌ల దొరుకుతయి. పేరు రాపిచ్చుకుంటే నాలుగైదు నెలలకు వస్తది వంతు."

"నాలుగైదు నెలలు ఆగుతరా వీళ్లు?"

ఆమె అమ్మ వైపు చూసి, గొంతు తగ్గించి అంది. "రెండు వారాలు ఆగరు."

తొమ్మిది కుర్చీలున్నాయి. అందులో ఒకాయన నిద్రలో గురక పెడుతున్నాడు.

3
మార్చి 8, శనివారం. బోర్డు 5.2

చౌరస్తాలో కార్పొరేటర్ మనుషులు లడ్డూలు పంచారు. "ఇంకొక్క అడుగు" అని బ్యానరు. నేను తీసుకోలేదు. నా వంతుది కూడా అత్త తీసుకుంది.

ఈ ఊళ్లో ఏడాదిగా మూతపడ్డవి రాస్తాను. నూలు మిల్లు రెండు షిఫ్టులు. కాల్ సెంటర్ మూడంతస్తులు. పార్సిల్ సార్టింగ్ షెడ్డు. కొత్తగా తెరుచుకున్నది ఒక్కటి చెప్పమనండి. వాన చుక్క పడకుండా చెరువు నిండుతుందంటే కొలిచే కర్ర విరిగి ఉండాలి.

కొలిచే కర్ర ఎక్కడుందో నాకు తెలుసు. పన్నెండు లక్షల మంది ఊళ్లో ఇంటింటినీ లెక్కపెట్టరు. నాలుగైదు కాలనీలను నమూనాగా తీసుకుంటారు. వాటిలో మాది ఒకటి. మా దగ్గర ఒక్క మనిషి నాలుగు వందల మందికి బదులు. బాపు ఏడున్నరకు గేటు దాటితే ఊళ్లో నాలుగు వందల మంది పనికి పోయినట్టు లెక్క.

4
మార్చి 11, మంగళవారం. బోర్డు 5.0

బాపు వెనకాలే పోయాను.

పాత డిపో ఇప్పుడు బస్సులు చార్జింగు పెట్టుకునే చోటు. మనుషులుండరు. దాని వెనక డ్రైవర్లు విశ్రాంతి తీసుకునే రేకుల షెడ్డు మిగిలింది. అందులో ఖాకీ చొక్కాలు. ఒకరు, ఇద్దరు అనుకున్నాను. లెక్కపెడితే అరవై రెండు, అందరూ మా కాలనీ వాళ్లే.

గోడ పక్కన నిలబడి చూశాను. పాత కంట్రోలర్ ఐలయ్య, మా కాలనీలో ఇంటి నంబరు మూడు, బల్ల ముందు కూర్చుని రిజిస్టరు తెరిచాడు. ఒక్కొక్కరే వచ్చి సంతకం పెడుతున్నారు. బాపు వంతు వస్తే ఐలయ్య, "సాంబన్నా, ఇరవై ఎనిమిదో రూటు" అన్నాడు. బాపు సంతకం పెట్టి పోయి బెంచీ మీద కూర్చున్నాడు. రూటు అంటే ఆ బెంచీ.

ఒకాయన పావుగంట ఆలస్యంగా వచ్చాడు.

"ఏం యాదగిరీ, గీ టైముకొస్తే బండి ఎవడు దీస్తడు?"

"పంచర్ అయిందన్నా."

"నీ సైకిల్ పంచరైతే పబ్లిక్ నిలవడాల్నా? రేపట్నుంచి ఆబ్సెంట్ ఏస్త."

ఎవరూ నవ్వలేదు. ఇంకొకాయన మోకాలు నొప్పి, సగం పూట సెలవు కావాలన్నాడు. ఐలయ్య పేజీలు తిరగేసి, "ఇయ్యాల కుదరది. ఇప్పటికే ఇద్దరు లీవుల ఉన్నరు" అని తలూపాడు. ఆ మనిషి గొణుక్కుంటూ పోయి తన బెంచీ మీద కూర్చున్నాడు. పన్నెండున్నరకు ఐలయ్య ఇనుప ముక్క మీద కొట్టాడు, అందరూ డబ్బాలు విప్పారు. మా ఇంటి బీరకాయ కూర పక్కనాయనకు పోయింది, ఆయన పచ్చడి బాపుకు వచ్చింది.

నాకు నవ్వొచ్చింది. ఆ తర్వాత షెడ్డు ముందున్న స్తంభం మీద కన్ను కనిపించింది. నవ్వు అక్కడే ఆగిపోయింది.

పొద్దున డబ్బాతో బయటికి. రోజూ ఒకే చోటుకు. అక్కడ ఎనిమిది గంటలు. సాయంత్రం ఇంటికి. తొంభై రోజులు ఇట్లా జరిగితే కన్ను ఆ మనిషిని ఉద్యోగి అని రాసుకుంటుంది. వీళ్లు డిసెంబరులో మొదలుపెట్టారు. మార్చి వచ్చేసరికి ఒక్కొక్కరే ఉద్యోగులవుతున్నారు.

బోర్డు మీద అంకెను దించుతున్నది ఈ అరవై రెండు డబ్బాలు. అమ్మ కుర్చీని లాగేస్తున్నది బాపు డబ్బా. ఆ డబ్బా సర్ది ఇస్తున్నది అమ్మ.

5
మార్చి 13, గురువారం. బోర్డు 4.9

పని సూచిక భవనంలో మనుషులు ముగ్గురే మిగిలారు. ఒకతె నా జూనియర్ ఫర్హీన్. హాల్లో గోడంతా అక్షరాలు: "మనిషి నోటితో అబద్ధం చెబుతాడు, కాళ్లతో చెప్పడు."

వాళ్లనూ ఒక విషయంలో తప్పుపట్టలేను. ఒకప్పుడు ఇంటింటికీ వచ్చి అడిగేవాళ్లు. "మీ వాడు ఏం చేస్తున్నాడమ్మా?" అంటే మన దగ్గర ఏ తల్లి ఖాళీగా ఉన్నాడని చెప్పింది? "ఏదో సూసుకుంటుండు." "దోస్తులతోని బిజినెస్ పెడుతుండు." విసిగిపోయి అడగడం మానేసి కన్ను పెట్టారు. కన్ను పెడితే మనవాళ్లు కాళ్లతో కూడా అబద్ధం చెప్పడం నేర్చుకున్నారు.

ఫర్హీన్‌కు అంతా చెప్పాను. ఆమె ఆశ్చర్యపోలేదు.

"ప్రణవక్కా, రెండు తోవలున్నయి. ఇంటి మనిషిగ మీ బాపుకు పని లేదని నువ్వు సాక్ష్యం చెప్పొచ్చు. గప్పుడు ఆయనొక్కడే మారుతడు."

"ఒక్కడితోని అంకె కదలదు."

"కదలది. రెండోది, పని జాగల లెక్కలకెళ్లి ఆ షెడ్డునే కొట్టేపియ్యాలె. అక్కడ పని జరుగుతలేదని హాజరు పట్టీ ఒకటి, ఇంటి మనిషి సాక్ష్యం ఒకటి పెడితే చాలు. అందరు ఒక్కసారే ఖాళీ కిందికొస్తరు. కానీ ఇరవై తారీఖు లోపల పెట్టాలె."

మనసులోనే లెక్క కట్టాను. అరవై రెండు ఇంటు నాలుగు వందలు. ఊళ్లో పనిచేసే వయసు వాళ్లు ఆరు లక్షలు. నాలుగు శాతం పైనే. బోర్డు తొమ్మిదికి దగ్గరవుతుంది. కుర్చీలు కదలవు.

"పేర్లు చదువుతరా?"

"అన్నీ చదువుతరు. మూడు పొద్దులు."

లేచేటప్పుడు అడిగాను. "మీ అబ్బా ఎట్లున్నరు?"

"మంచిగున్నరు. పొద్దుగాల డబ్బా కట్టుకోని పోతరు."

"ఎక్కడికి?"

ఆమె తెర వైపు తిరిగింది. "నేను అడగ అక్కా."

ఊరంతటి ఖాళీ శాతం వేలికొసల మీద ఉన్న పిల్ల. సొంత తండ్రిని ఒక్క మాట అడగదు. మెట్లు దిగుతుంటే నాకు ఊరి మీద ఉమ్మాలనిపించింది.

6
మార్చి 14, శుక్రవారం. బోర్డు 4.8

అమ్మ కుర్చీలో ఉండగా మెల్లగా మొదలుపెట్టాను. "అమ్మా, బాపు డ్యూటీ సంగతి..."

"తెల్సు" అంది.

"ఏం తెలుసు?"

"చొక్కా కాలరు మాస్తలేదే. ముప్పై ఏండ్లు ఉతికిన. రాయి మీద రుద్దితే నలుపు కారేది. డిసెంబర్ సంది నీళ్లల్ల ముంచి ఆరేస్తున్న."

"తెలిసి రోజూ డబ్బా ఎందుకు కడుతున్నవ్?"

"ఆకలైతది గద."

గోడ మీది నోటీసు చూపించాను. అదీ చదివిందట. అంకె ఎందుకు దిగుతోందో చెప్పాను. ఫర్హీన్ చెప్పిన రెండో తోవ కూడా చెప్పాను. చేతికున్న గొట్టంలో రక్తం పోతూ వస్తూ ఉంది.

"మైకుల పేరు సదువుతరంటవ్."

"చదువుతరు."

"నీ పేరు సదివినప్పుడే మీ బాపు మూడు రోజులు అన్నం తినలే. ఆయన పేరే సదివితే? డ్యూటీ లేని మొగోడని కాలనీ అంత ఇంటే బతుకుతడా?"

"మరి నువ్వు బతుకుతవా?"

"నాదేముందే. అయితే అయింది."

ఆ మాటకు నాకొచ్చిన కోపం ఇంకెప్పుడూ రాలేదు. గొంతు పెంచాను. పక్క కుర్చీలో గురకాయన లేచాడు. ఆమె ప్రాణం ఆమె ఇష్టమని ఊరుకోవాలట. ఆయన పరువు ఆయన ఇష్టమని ఊరుకోవాలట. ఈ ఇంట్లో అందరూ ఒకరి కోసం ఒకరు చావడానికి సిద్ధమే, ఒక్క నిజం మాత్రం ఎవరి నోటా రాదు. ఆ ఒక్క మాట అన్నందుకు ఎనిమిది నెలలుగా నేను పొగరుబోతును.

"జర మెల్లగ మాట్లాడు, నలుగురున్నరు" అంది అమ్మ.

7
మార్చి 18, మంగళవారం. బోర్డు 4.7

నేరుగా షెడ్డులోకి పోయాను. దొంగచాటుగా చేయాలనుకోలేదు.

బాపు లేచి నిలబడ్డాడు. "ఏం బిడ్డా, అమ్మకేమన్న అయిందా?"

"ఇంకా కాలేదు."

ఐలయ్యకు, తక్కినవాళ్లకు వినపడేట్టు అంతా చెప్పాను. కన్ను, తొంభై రోజులు, నాలుగు వందలు, ఐదు, కుర్చీలు. "మీ అంతట మీరే పోయి రాపిచ్చుకుంటే నేను ఏం చెయ్యాల్సిన పని లేదు" అన్నాను. ఒక్కరూ కదల్లేదు. ఐలయ్య కళ్లద్దాలు తీసి బాపు వైపు చూశాడు.

"సాంబన్నా, వదినె కుర్సీ పోతదని నీకు ఎరికేనా?"

బాపు తల దించుకున్నాడు. ఎరికే. ఆ నోటీసు డిపో గేటుకు కూడా అంటించారట. పదమూడు రోజులుగా ఆయన దాని పక్కనుంచే నడిచొచ్చి సంతకం పెడుతున్నాడు.

"నేను ఆలోచన జెయ్యలేదనుకున్నవా?" అన్నాడు నాతో. "హైదరాబాద్ తీస్కపోత. వారానికి మూడుసార్లు నేనే తీస్కపోత."

"వంతు రావడానికే నాలుగు నెలలు. అయినా వారానికి మూడు రోజులు నువ్వు పోతే, మరి డ్యూటీ ఎవరు చేస్తరు బాపూ?"

ఎకసెక్కంగానే అడిగాను. ఆయన గాయపడాలనే అడిగాను.

"లీవు పెడుత" అన్నాడు.

నిజంగానే అన్నాడు. అని, అనుమతి కోసం ఐలయ్య వైపు చూశాడు. ఐలయ్య చెయ్యి దానంతటదే రిజిస్టరు మీదికి పోయి, సగంలో ఆగింది.

నేను ముందుకు పోయి రిజిస్టరు నా వైపు తిప్పుకున్నాను. ఫోను తీసి పేజీ పేజీ ఫొటో తీయడం మొదలుపెట్టాను. మోకాలు నొప్పాయన ముందుగా అరిచాడు.

"ఏయ్ పిల్లా! మీ అమ్మ ఒక్కదాని కోసం మా అందరి మొగాలు బజార్ల పెడుతవా?"

"పెడుత."

"నా కోడలు కొత్తగ వచ్చింది ఇంటికి. నా పేరు మైకులొస్తే ఆమె ముందల కూసోని అన్నం ఎట్ల తినాలె?"

"కడుపు నిండ తినండి కాకా. అక్కడ తొమ్మిది కుర్చీలున్నయి. ఆ తొమ్మిది మంది ఇండ్లల్ల కూడా అన్నం తినేటోళ్లున్నరు."

యాదగిరి నా చేతిలోంచి ఫోను లాక్కోబోయాడు. ఐలయ్య అడ్డం వచ్చాడు. నా పక్షం వచ్చాడని చెప్పలేను, ఆయన ముఖం నల్లబడిపోయి ఉంది. "ఆడపిల్ల మీద చెయ్యేస్తవారా, డ్యూటీల ఉండి?" అన్నాడు. ఆఖరి పేజీ ఆయనే తిప్పాడు. తిప్పి, అందులో ఇవాళ్టి తేదీ ఎదురుగా ఇంకా సంతకం పెట్టని గడులు నాలుగుంటే, ఆ నలుగురినీ పిలిచి పెట్టించాడు. పట్టీ సగంలో ఉంటే బాగుండదట.

వచ్చేస్తుంటే బాపు నా వెనక గేటు దాకా వచ్చాడు.

"ప్రణవీ, జర ఆలోచించు. నిన్ను ఎన్నడన్న కొట్టిన్నా? తిట్టిన్నా?"

"లేదు."

"మరి నా మీద గింత కోపమెందుకే?"

ఆయనకు నిజంగా అర్థం కాలేదు. కోపమున్నందుకే చేస్తున్నానని అనుకుంటున్నాడు. నేను గేటు దాటి వచ్చేశాను. ఎన్నిసార్లు చెప్పాలి?

8
మార్చి 20, గురువారం. బోర్డు 4.6

బాపు రెండు రోజులుగా నాతో మాట్లాడలేదు. ఇవాళ కూడా ఏడున్నరకు డబ్బా తీసుకుని పోయాడు. అమ్మ మాట్లాడుతోంది కానీ నా ముఖం చూడటం లేదు. అత్త పొద్దునే వచ్చి, తండ్రిని బజారుకీడ్చే బిడ్డను ఈ కులంలో చూడలేదని, నా నోట్లో పురుగులు పడతాయని చెప్పి, చాయ్ తాగి పోయింది.

ఫారంలో ఒక పెద్ద గడి ఉంది: "ఈ సాక్ష్యం వల్ల నష్టపోయే వారికి మీరు చెప్పదలచుకున్నది." ఇష్టముంటే నింపవచ్చు. అమ్మ ఆరోగ్యం గురించి నాలుగు మాటలు రాశాను. కొట్టేశాను. ఆ అరవై ఇద్దరూ చెడ్డవాళ్లు కాదని రాశాను. అదీ కొట్టేశాను. చెడ్డవాళ్లయితే ఇంత కోపం వచ్చేది కాదు. మంచివాళ్లు, సాటి మనిషికి పచ్చడి పెట్టేవాళ్లు, పక్క మనిషి మోకాలు నొప్పికి సెలవు దొరకలేదని బాధపడేవాళ్లు, తొమ్మిది కుర్చీలు పోతాయని తెలిసి కూడా బెంచీ మీంచి లేవలేదు. ఆ గడి ఖాళీగా వదిలేశాను.

స్థలం: పాత డిపో వెనక షెడ్డు. జరిగే పని: ఏమీ లేదు. పేర్లు: అరవై రెండు, పట్టీ జతపరిచాను. సాక్ష్యం చెప్పే ఇంటి మనిషి: ప్రణవి, ఇంటి నంబరు పద్నాలుగు. పనిలేని వ్యక్తితో సంబంధం: కూతురు.

పదకొండు గంటల పది నిమిషాలకు పంపాను. రేపు పొద్దున ఆరున్నరకు మైకులో చదవడం మొదలుపెడతారు. వెనక్కి తీసుకోవడానికి మూడు రోజుల గడువు ఉందని ఫర్హీన్ చెప్పింది.

తీసుకోను.